ఒకే మౌనానికి మూడు పేర్లు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో జరిగిన ఒక సాయంత్రపు సభలో విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కపోతలో గాజువాక నుంచి, పెందుర్తి నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. చాలా సంతోషం.

చిన్నతనం గురించి, అప్పటి మన స్వభావం గురించి మాట్లాడమన్నారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. చిన్నతనం అనగానే మనకి జీడిమామిడి తోటలు, బీచ్‌లో ఇసుక గూళ్ళు, సింహాచలం మెట్లు, చందనోత్సవం క్యూలు గుర్తొస్తాయి. అవన్నీ చెప్పుకోవడం నాకూ ఇష్టమే. అయితే ఈరోజు ఇంకో సంగతి అడగాలని వచ్చాను. చిన్నప్పుడు మీరు ఎలాంటి పిల్లలు?

చూడండి, ఇలా అడగ్గానే ప్రతివాళ్ళ దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. నేను మొండిదాన్ని అంటారు ఒకరు. నేను మహా అల్లరి అంటారు ఇంకొకరు. నాకు నోట్లో నాలుక ఉండేది కాదండీ అంటారు వేరొకరు. ఏభై ఏళ్ళు గడిచినా ఆ మాట తడుముకోకుండా వస్తుంది. అప్పుడు నేను రెండో ప్రశ్న అడుగుతాను. ఆ మాట మీకెవరు చెప్పారు? అక్కడ ఆగిపోతారు. ఎందుకంటే ఆ మాట అమ్మదో, మేనత్తదో, లెక్కల మాస్టారిదో అయి ఉంటుంది. ఏడేళ్ళ పిల్ల తనంతట తాను కూర్చుని 'నేను మొండిదాన్ని' అని తేల్చుకోదు కదా. నా ఉద్యోగమంతా పిల్లల మధ్యే గడిచింది. నన్ను వదలకుండా పట్టుకున్న ఆలోచన ఇదే. మన చిన్నతనాన్ని మనం తలుచుకుంటున్నాం అనుకుంటాం గానీ, చాలాసార్లు మన మీద పెద్దవాళ్ళు చెప్పిన తీర్పునే తలుచుకుంటున్నాం.

నా సంగతే చెబుతాను. నేను పెరిగింది మల్కాపురంలో. నాన్న షిప్‌యార్డులో వెల్డరు. ఇంట్లో మామ్మ, అమ్మ, నాన్న, అక్క, అన్నయ్య, నేను. ఒకపక్క షిప్‌యార్డు, ఇంకోపక్క కాల్టెక్స్ రిఫైనరీ. పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు. మా వరసలోనే ఒరియా వాళ్ళు, తమిళులు, మలయాళీలు ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన బంధువుల కుర్రాళ్ళు గది దొరికేదాకా మా ఇంట్లోనే దిగేవారు. అంటే, వచ్చేపోయే జనానికి లోటు లేని ఇల్లు.

నేను కొత్తవాళ్ళ ముందు మాట్లాడేదాన్ని కాదు. జరిగిన సంగతి ఇంతే. దీనికి పేర్లు మాత్రం మూడు వచ్చాయి. వీధిలో వాళ్ళు అమ్మతో, "ఎంత అణకువమ్మా మీ చిన్నదానికి, ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు" అనేవారు. అదే పిల్ల గురించి మామ్మ, "ఈ గుంటకి ఎంత పొగరో సూడు! పెద్దోళ్ళొచ్చి పలకరిస్తే నోరిప్పదేటి?" అనేది. బడిలో ఒక టీచరుగారు ఇంకో అడుగు ముందుకేసి, దీనికి చదువు ఎక్కదు అని అమ్మని పిలిచి చెప్పారు. అణకువ, పొగరు, మందబుద్ధి. ఒకే మౌనం, అదే పిల్ల, అదే సంవత్సరం.

ఆ మౌనం వెనకాల ఏం జరుగుతుండేదో ఎవరూ అడగలేదు. నేను చెబుతాను. మా ముందుగదికీ వంటింటికీ మధ్య ఒక ఆకుపచ్చ కర్టెన్ ఉండేది, నేలకి జానెడు ఎత్తులో. ఎవరైనా వస్తే నేను దాని వెనక చేరేదాన్ని. అక్కడి నుంచి నాకు మొహాలు కనిపించవు, కాళ్ళు కనిపిస్తాయి. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు కనిపిస్తాయి. షిప్‌యార్డు వాళ్ళ బూట్ల మీద వెల్డింగ్ నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న నల్ల మచ్చలు ఉండేవి. చేపల బుట్టతో వచ్చే జాలరిపేట మామ్మ చెప్పుల్లో ఇసుక ఉండేది, ఆవిడ వాటిని గోడకి తట్టి మరీ పక్కన పెట్టేది. చీటీ డబ్బులకి వచ్చే ఆయన ఎడమ చెప్పు మడమ దగ్గర ఒకవైపే అరిగిపోయి ఉండేది. ఆయన కుర్చీలో కూర్చున్నాక కూడా ఆ కాలే ఊపుతుండేవాడు. అమ్మ వంటింట్లో ఉండి "ఎవరే వచ్చింది?" అని గొంతు తగ్గించి అడిగితే, నేను చెప్పులు చూసి చెప్పేసేదాన్ని. ఎన్ని గ్లాసుల కాఫీ కలపాలో కూడా అలాగే చెప్పేదాన్ని. అమ్మ నా మాట మీద నమ్మకంతోనే కాఫీ కలిపేది.

ఆ పిల్ల అక్కడ ఊరికే నిలబడి లేదు. చూస్తోంది, పోల్చుకుంటోంది, గుర్తుపెట్టుకుంటోంది. వచ్చిన మనిషే మూడోసారి వస్తే కాఫీ గ్లాసు తనే తీసుకెళ్ళి ఇచ్చేది. ఇంకో నెల పోతే ఆయన పక్కన నిలబడి బడి కబుర్లు చెప్పేది. రాత్రి పూట డాబా మీద అక్కతో, పక్కింటి పిల్లలతో అయితే నిద్ర ముంచుకొచ్చేదాకా మాటలే. పొగరున్న పిల్లో, చదువు ఎక్కని పిల్లో చేసే పనులా ఇవి? మూడు పేర్లలో ఏ ఒక్కటీ ఈ పిల్లని చూసి పెట్టింది కాదు. పెద్దవాళ్ళకి ఆ పూట ఎలాంటి పిల్ల కావాలో, దాన్ని బట్టి పెట్టినవి.

న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అని ఇద్దరు సైకియాట్రిస్టులు ఉండేవారు, భార్యాభర్తలు. 1956లో మొదలుపెట్టి 133 మంది పిల్లల్ని నెలల వయసు నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. ఆ రోజుల్లో పిల్ల ఎలా ఉన్నా దానికి తల్లే కారణం అనే వాదం బలంగా ఉండేది. వీళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. పిల్లలు పుట్టడమే తమదంటూ ఒక తీరుతో పుడతారు అన్నారు. సుమారు 40 శాతం పిల్లలు వేళకి తిని, వేళకి పడుకుని, కొత్తవాళ్ళ దగ్గరకీ నవ్వుతూ వెళ్ళేవారు. ఒక 10 శాతం దేనికైనా పెద్దగా ఏడ్చేవాళ్ళు, మార్పు వస్తే తట్టుకోలేనివాళ్ళు. 15 శాతం కొత్తదనం చూస్తే వెనక్కి తగ్గి, తొందరపెట్టకపోతే కాసేపటికి వాళ్ళంతట వాళ్ళే కలిసేవాళ్ళు. ఈ మూడోరకం గురించి మొదటిసారి చదివినప్పుడు కర్టెన్ వెనక పిల్ల నా కళ్ళ ముందుకి వచ్చింది. కాగితం మీద ఆ పిల్లకి పొగరు అని రాసి లేదు. టైమ్ కావాలి అని రాసి ఉంది. ఎంత ఊరటగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

లెక్క వేసి చూడండి, ఇంకా 35 శాతం మిగిలారు. వాళ్ళు ఈ మూడింట్లో దేనిలోనూ ఇమడలేదు. ఏళ్ళ తరబడి అదే పనిగా చూసిన నిపుణులే మూడోవంతు పైగా పిల్లలకి పేరు పెట్టలేకపోయారు. మన మేనత్తలు ఒక్క పండగ పూట చూసి పెట్టేశారు!

వాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు. పిల్ల తీరు ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ తీరుకీ ఆ ఇంటికీ పొత్తు కుదిరిందా లేదా అన్నది చూడాలి అని. ఇది మన వీధుల్లో రోజూ కనిపించేదే. కాలు నిలవని కుర్రాడు కంచరపాలెంలో పెద్ద పెరడున్న ఇంట్లో పుడితే వాణ్ణి చలాకీ అంటారు. అదే కుర్రాడు నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే తండ్రి ఉన్న ఒంటిగది క్వార్టర్‌లో పుడితే వాడు రాక్షసుడు. కుర్రాడు మారలేదు, గది మారింది.

నిలబడే గుణం అంటూ ఏమీ లేదని నేను అనను. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే ఆయన నాలుగు నెలల పసివాళ్ళ ముందు రంగురంగుల బొమ్మలు ఆడించి, టేపులో కొత్త గొంతులు వినిపించి చూశారు. ఐదుగురిలో ఒకరు కాళ్ళూ చేతులూ తెగ ఆడించి ఏడ్చేశారు. వాళ్ళలో చాలామంది రెండేళ్ళకి కొత్త అంటే బెరుకుపడే పిల్లలయ్యారు. అందరూ మాత్రం కాలేదు. ప్రతి చిన్నదానికీ ఎత్తుకుని కాపుకాసిన పిల్లల్లో బెరుకు ఎక్కువ నిలిచింది. ముద్దు చేస్తూనే కొత్తకి మెల్లగా అలవాటు చేసిన ఇళ్ళలో తగ్గింది. అంటే పుట్టుకతో వచ్చేది ఉంది, దాని మీద ఇల్లు చేసేదీ ఉంది.

మన సామెతలు కూడా రెండు పక్షాలా ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అని ఒకటి. మొక్కై వంగనిది మానై వంగునా అని ఇంకొకటి. మొదటిది నిజమైతే మొక్కగా ఉన్నప్పుడు మాత్రం ఎలా వంగుతుంది? పిల్ల మీద కోపం వచ్చినప్పుడు మొదటిది అంటాం, బెత్తం తీసినప్పుడు రెండోది అంటాం.

నన్ను బాగా కదిలించిన పరిశోధన ఒకటి చైనాలోని షాంఘైలో జరిగింది. అక్కడ 1990లో బడిపిల్లల్ని చూస్తే, సిగ్గరి పిల్లలంటే తోటివాళ్ళకి ఇష్టం, టీచర్లకి మెప్పు. 2002 నాటికి అదే నగరంలో, అదే వయసు పిల్లల్లో సిగ్గరులు వెనకబడిపోయారు, స్నేహితులు కరువయ్యారు. పన్నెండేళ్ళలో పిల్లల పుట్టుక మారలేదు. ఊరు మారింది. వ్యాపారాలు పెరిగాయి, చొరవ ఉన్నవాడికే విలువ వచ్చింది. మన విశాఖలో మనం చూడలేదా ఇది? నాన్న తరంలో షిప్‌యార్డులోనో పోర్టులోనో తలొంచుకుని పనిచేసుకుపోయేవాడు మంచి పనివాడు. ఇప్పుడు మధురవాడ వైపు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల్ని అడగండి. కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు అన్న ఒక్క ముక్కతో ఇంటర్వ్యూల్లో ఆగిపోయి, ఆ టెన్షన్‌తో ఇంట్లో కూడా మాట్లాడటం మానేసినవాళ్ళు ఉన్నారు. మన కాలంలో అణకువ అని మెచ్చుకున్న గుణాన్నే ఇవాళ లోపం అంటున్నాం. పైగా ఆడపిల్లకీ మగపిల్లాడికీ మనం ఒకే కొలత ఎప్పుడూ వాడలేదు. నేను నోరు విప్పకపోతే వీధిలో వాళ్ళకి అణకువ. మా పక్కింటి అబ్బాయి నోరు విప్పకపోతే చేతకానివాడు. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక జ్ఞాపకం సంగతి. ఇంత పాత విషయం మనం సరిగ్గా గుర్తుపెట్టుకున్నామా?

అమెరికాలో డేనియల్ ఆఫర్ అనే సైకియాట్రిస్టు 1962లో పద్నాలుగేళ్ళ కుర్రాళ్ళని కూర్చోబెట్టి మీ ఇల్లు ఎలా ఉంది, మీ అమ్మా నాన్నా ఎలా ఉంటారు, మీకు దేనికి బాధ కలుగుతుంది అని అడిగి రాసుకున్నారు. వాళ్ళకి 48 ఏళ్ళు వచ్చాక, పద్నాలుగేళ్ళప్పుడు మీరు ఏం చెప్పి ఉంటారు అని మళ్ళీ అడిగారు. చీటీలు వేసి తీస్తే ఎన్ని సరిపోతాయో, వాళ్ళ జవాబులూ దాదాపు అంతే సరిపోయాయి. వాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మా ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉంది. 1971 డిసెంబరు యుద్ధం ఇక్కడ చాలామందికి గుర్తుంటుంది. బ్లాకవుట్లు, కిటికీలకి నల్ల కాగితాలు, లారీ లైట్లకి సగం నలుపు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆ పేలుడు ఊళ్ళో చాలామందికి వినిపించింది. ఇప్పుడు మా ముగ్గురినీ అడగండి. ఆ చప్పుడుకి నేను బాగా భయపడి అమ్మ పక్కలో దూరానని అక్క చెబుతుంది. అక్కే ఏడ్చిందని, నేను మాత్రం లేచి కూర్చుని ఏమిటని అడిగానని అన్నయ్య అంటాడు. నాకు గుర్తున్నది కిటికీ రెక్క అదరడం, నాన్న "ఏం లేదు, పడుకోండి" అనడం, అంతే. ఆ రాత్రి ఒక్కటే. అందులో నేను పిరికిపిల్లనా, ధైర్యం ఉన్న పిల్లనా? మా అక్క మనసులో నేను పిరికిపిల్లని, అందుకే ఆవిడ జ్ఞాపకంలోనూ పిరికిపిల్లనే. ముందు పేరు వచ్చింది, తర్వాత ఆ పేరుకి తగ్గ జ్ఞాపకం వచ్చి చేరింది. అక్క మీద నాకు ఫిర్యాదు లేదు. అందరి ఇళ్ళలోనూ మనసు ఇలాగే పనిచేస్తుంది.

అన్నయ్య పేరు ఎత్తాను కాబట్టి వాడి గురించి కొంచెం చెప్పాలి. వాడు పెంకి. పెంకితనానికి మా వరసలో వాడి పేరే చెప్పేవారు. కాలవ గట్టు మీద పరుగులు, ఊళ్ళోవాళ్ళ సైకిళ్ళ గాలి తీసెయ్యడం, చెప్పులేసుకోమంటే వేసుకోకపోవడం. నాన్న బెల్టు తీసిన రోజులు ఉన్నాయి. వాడు టెన్త్‌లో ఉండగా నాన్నకి పనిలో దెబ్బ తగిలి కేజీహెచ్‌లో చేర్చారు. అమ్మ పగలు, అన్నయ్య రాత్రి. వార్డు బయట వరండాలో దుప్పటి పరుచుకుని వాడు పడుకునేవాడు. పక్క మంచాల వాళ్ళకి మందులు తెచ్చిపెట్టడం, నర్సమ్మ పిలిస్తే పరుగెత్తడం. కాలు నిలవని గుణం అక్కడ కూడా అదే. కాకపోతే ఆ వార్డులో దాన్ని పెంకితనం అనేవాళ్ళు లేరు. నాన్న ఇంటికి వచ్చేసరికి మా అన్నయ్య నెమ్మదిగా మాట్లాడే మనిషి అయ్యాడు, ఇప్పటికీ అంతే. బంధువులు మాత్రం ఈ మధ్య జరిగిన పెళ్ళిలో కూడా "ఏరా పెంకీ" అనే పిలిచారు. వాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం అన్నం సహించలేదు.

స్కాట్లాండ్‌లో 1950లో పద్నాలుగేళ్ళ పిల్లలు 1,208 మందికి వాళ్ళ టీచర్లు స్వభావం మీద మార్కులు వేశారు. ఆత్మవిశ్వాసం, పట్టుదల, మూడ్ నిలకడ, బాధ్యత ఇలాంటి వాటికి. వాళ్ళకి 77 ఏళ్ళు వచ్చాక, అందుబాటులోకి వచ్చిన 174 మంది తమకు తామే మార్కులు వేసుకున్నారు, వాళ్ళని బాగా ఎరిగినవాళ్ళూ వేశారు. అప్పటి మార్కులకీ ఇప్పటివాటికీ చెప్పుకోదగ్గ పోలిక కనిపించలేదు. మరోపక్క న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో మూడేళ్ళప్పుడు చూసిన పిల్లల్ని 26 ఏళ్ళకి చూస్తే పోలిక కనిపించింది. నాకు అర్థమైనంతవరకు ఇరవైల్లో ఇంకా పాత ఇంటి వాసన ఉంటుంది. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, చావులు, ఆస్పత్రులు, ఇవన్నీ కలిసి మనిషిని మళ్ళీ తయారుచేస్తాయి. డెబ్భై ఏడేళ్ళ మనిషిని పద్నాలుగేళ్ళ పేరుతో పిలవడానికి ఎవరికీ హక్కు లేదు. ఆ మనిషికి కూడా లేదు.

అయితే చిన్నతనాన్ని తలుచుకోవద్దా? తప్పకుండా తలుచుకోవాలి. నేను ఎలా తలుచుకుంటానో చెబుతాను, పనికొస్తే తీసుకోండి. పేరు పక్కన పెట్టి, ఆ పిల్ల చేసిన పని ఒకటి పట్టుకుంటాను. మొండిదాన్ని అనుకుంటే, ఏ రోజు, ఎవరి దగ్గర, దేనికోసం మొండికేశాను? అంతకుముందు ఏం జరిగింది? మా స్నేహితురాలు ఒకావిడ ఇలాగే వెనక్కి వెళ్ళి చూసుకుంది. చిన్నప్పుడు పురుషోత్తపురంలో పిన్ని ఇంటికి వెళ్ళనంటే వెళ్ళనని మొండికేసేదట, ఇంట్లో అందరూ తిట్టేవారట. ఆ ఇంట్లో తను ఎవరి కంట పడకూడదని అంత గట్టిగా పట్టుబట్టిందో అరవయ్యో ఏట ఆవిడకి అర్థమైంది. ఇంతకన్నా నేను చెప్పను. ఆ రోజు ఆవిడ, "నాది మొండితనం కాదే, నన్ను నేను కాపాడుకున్నాను" అంది. పెట్టిన పేరు దగ్గరే ఆగిపోయి ఉంటే ఆవిడకి ఆ పిల్ల ధైర్యం ఎప్పటికీ కనిపించేది కాదు.

ఒక్కరి మాట మీదే ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురిని అడగండి. ఇంట్లోవాళ్ళు ఒకటి చెబితే, ఆటల్లో తోడున్నవాళ్ళు ఇంకోటి చెబుతారు. పాత ఉత్తరాలో, ప్రోగ్రెస్ కార్డో దొరికితే తీసి చూడండి. మీ తోడబుట్టినవాళ్ళలో పెద్దవాళ్ళు బతికుంటే ఈ వారమే ఫోన్ చెయ్యండి. 'నేనెలాంటిదాన్ని' అని అడిగితే పాత పేరే చెబుతారు. 'నేనేం చేసేదాన్ని' అని అడగండి.

టీచరుగా నేను పట్టుబట్టి చేసిన పని ఒకటుంది. ప్రతి సంవత్సరం నా క్లాసు పిల్లల పేర్లతో ఒక నోటుబుక్ పెట్టుకునేదాన్ని. అందులో మంచి, అల్లరి, బద్ధకం లాంటి మాటలు రాయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. చేసిన పని మాత్రమే రాయాలి. 'ఇంటర్వెల్‌లో పెన్సిల్ ముక్కలన్నీ ఏరి పొడుగు వరసలో పేర్చాడు.' 'పక్క అమ్మాయి ఏడుస్తుంటే ఏమీ అనకుండా తన నీళ్ళ సీసా ఇచ్చింది.' 'డిక్టేషన్ చెప్పినప్పుడల్లా కిటికీ వైపు చూస్తాడు, పోర్టు క్రేన్ కదిలితే రాయడం ఆపుతాడు.' హుద్‌హుద్ తుఫానుకి మా ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయి ఆ పుస్తకాల్లో చాలావరకు తడిసి ముద్దయ్యాయి. 2014 అక్టోబరు 12, ఆ రోజు ఎవరం మరిచిపోతాం. మిగిలిన నాలుగైదు ఆరబెట్టి దాచాను. అప్పుడప్పుడూ పాత విద్యార్థులు ఇంటికి వస్తుంటారు, ఇప్పుడు వాళ్ళకే పెళ్ళీడు పిల్లలు. "టీచర్, నేను మీకు చాలా అల్లరి కదా?" అని మొదలుపెడతారు. వాళ్ళ పేజీ ఉంటే తీసి చదువుతాను. క్రేన్ కదిలితే రాయడం ఆపిన అబ్బాయి తన పేజీ విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి ఫోటో తీసుకుని, దీన్ని మా అమ్మకి చూపిస్తానండీ, నాకు చదువు మీద ధ్యాస లేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది అన్నాడు.

నాకిచ్చిన టైమ్ అయిపోవచ్చింది. మిగతాది మీరు మాట్లాడాలి. నిర్వాహకులు మైకు కిందకి పంపిస్తున్నారు. మూడో వరసలో నీలం చీర అమ్మగారు ఇందాకటి నుంచి ఏదో చెప్పాలని చూస్తున్నారు. చెప్పండమ్మా, మీరేం చేసేవారు?